శరణార్థి ఫొటోకి అనుమతి అక్కర్లేదా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. బాలాపూర్‌లో రోహింగ్యా శరణార్థుల గుడిసెల దగ్గర తీసిన ఫొటోలు, వాటిని చూసి వేసిన పెయింటింగ్స్‌తో ఎగ్జిబిషన్ పెడుతున్నాను. వాళ్ళని మనుషుల్లా కాకుండా నంబర్లలా చూస్తున్నారన్నదే నా అంశం. ముఖ్యమైన ఫొటోలో ఒకావిడ ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డుని చెంప పక్కన పట్టుకుని నిలబడింది. తీసేటప్పుడు వద్దనలేదు. 'వాళ్ళు మన దేశంవాళ్ళే కాదు, అనుమతి ఎందుకు?' అంటున్నారు ఫ్రెండ్స్. హాలు వాళ్ళేమో పోలీస్ పర్మిషన్ తెమ్మంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మీ ఎగ్జిబిషన్ దేని మీదో మీ ఫ్రెండ్స్ మాటలోనే ఉంది! రాజ్యాంగం 19వ అధికరణలో ఉన్న భావప్రకటన స్వేచ్ఛ లాంటి హక్కులు పౌరులకి. ప్రాణానికి, స్వేచ్ఛకి రక్షణ ఇచ్చే 21వ అధికరణలో ఉన్న మాట 'వ్యక్తి'. అందుకే 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో, పౌరులు కాకపోయినా వాళ్ళ ప్రాణాలు కాపాడాల్సిన బాధ్యత రాష్ట్రానిదేనంది సుప్రీంకోర్టు. గోప్యత కూడా ఈ 21 కిందికే వస్తుందని 2017లో పుట్టస్వామి కేసులో తేల్చింది. అంతకుముందే, 1994లో రాజగోపాల్ కేసులో, ఒకరి సొంత జీవితాన్ని సమ్మతి లేకుండా ప్రచురిస్తే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చని చెప్పింది. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం పెట్టలేదు, నిజమే. ఆవిడ ముఖాన్ని అడక్కుండా గోడకి తగిలించడానికి అది లైసెన్సు కాదు.

చట్టం కంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఆ కార్డు. ప్రింట్ పెద్దది చేస్తే పేరు, నంబరు నాలుగడుగుల దూరం నుంచి కూడా చదవొచ్చు. చూడటానికొచ్చిన వాళ్ళలో ఒక్కరు సెల్‌లో తీసి పెడితే చాలు, అది ఎక్కడెక్కడికో పోతుంది. ఆవిడ బంధువులు ఇంకా మయన్మార్‌లోనే ఉండొచ్చు కదా. పైగా నంబరుగా చూడొద్దని చెప్పే చోట ఆవిడ నంబరే కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఏం బాగుంటుంది? ఆ వివరాలు చెరిపేయండి, లేదా ఆ ఒక్కటి పెయింటింగ్‌గానే పెట్టండి.

వద్దనకపోవడం ఒప్పుకోవడం కాదు. ప్రింట్ పట్టుకుని మళ్ళీ వెళ్ళండి. ఎక్కడ పెడుతున్నారో, ఎన్ని రోజులో, ఇన్‌స్టాగ్రామ్‌లో వేస్తారో లేదో, అమ్ముడుపోతే డబ్బు ఎవరికో ఆవిడకి అర్థమయ్యే భాషలో చెప్పించి, కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. తర్వాత వద్దంటే తీసేస్తానని కూడా అందులో రాయండి. పిల్లల ఫొటోలుంటే తల్లిదండ్రుల చేత రాయించుకోండి. ఏదైనా కేసుతోనో, బాలల సంక్షేమ కమిటీ విచారణతోనో ముడిపడిన పిల్లలైతే తల్లిదండ్రులు సరేనన్నా ముఖం చూపించొద్దు.

పోలీసుల సంగతి చిన్నది. హాలుకి ఉండాల్సిన లైసెన్సులు హాలు వాళ్ళే చూసుకోవాలి. మీరు తేదీలు రాసి స్టేషన్‌లో ఒక ఉత్తరం ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ప్రారంభం రోజు మైకు పెడితే మాత్రం దానికి విడిగా రాతపూర్వక అనుమతి కావాలి.