పాత ఫిరంగులు ఇప్పటి యుద్ధంలో పనికొస్తాయా?

ప్రశ్న: 1950ల నాటి ఫిరంగుల్ని ఉక్రెయిన్ యుద్ధంలో ఇంకా వాడుతున్నారు. డ్రోన్లు, క్షిపణులు వచ్చేశాక కూడా వాటితో ప్రయోజనం ఉందా?

ఉంది. అయితే గన్ను వయసు చూసి తేల్చే విషయం కాదిది. దానికి సరిపడా గుళ్ళు దొరుకుతున్నాయా, కాల్చాక ఆ చోటు వదిలి ఎంత తొందరగా పోగలం అన్నవి చూడాలి.

మాది శ్రీకాకుళం జిల్లా. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయ్యాక నా సర్వీసు ఎక్కువగా 130 ఎం.ఎం. గన్ మీదే గడిచింది. సోవియట్ వాళ్ళ ఎం-46 అది. మీరు అడిగిన కాలం నాటిదే. గుండు 33 కిలోల పైమాట, 27 కిలోమీటర్లు వెళ్తుంది. గుండు వేరు, మందు నింపిన కేసు వేరు. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించాలి. పేలినప్పుడు పక్కనున్నవాడి ఛాతీ అదురుతుంది. చెవుల సంగతి చెప్పక్కర్లేదు, ఇప్పటికీ మా ఇంట్లో టీవీ సౌండు మీద గొడవే. రేంజ్ టేబుల్ పుస్తకం పెట్టుకుని గాలి వేగం, మందు ఉష్ణోగ్రత చూసి లెక్క కట్టేవాళ్ళం. మొదటి గుండు ఎక్కడ పడిందో ముందు కొండ మీద కూర్చుని గమనించే మా మనిషి, అంటే ఓపీ, చూసి రేడియోలో చెబితే, దాన్నిబట్టి సరిచేసి మళ్ళీ కొట్టేవాళ్ళం.

ఆ గన్‌కి ఒక పుట్టు లోపం ఉంది. గొట్టం 45 డిగ్రీలకు మించి లేవదు. మైదానంలో దానివల్ల ఇబ్బంది లేదు. కొండల్లో మాత్రం శిఖరం వెనక దాక్కున్న శత్రువు మీద గుండు నిటారుగా దిగాలంటే గొట్టం ఇంకా పైకి లేవాలి. స్వీడన్ నుంచి కొన్న 155 ఎం.ఎం. బోఫోర్స్ గన్ 70 డిగ్రీల వరకు లేస్తుంది. 1999లో కార్గిల్‌లో దానికి అంత పేరు రావడానికి ఇదొక కారణం. అలాగని అక్కడ పనంతా బోఫోర్స్ ఒక్కటే చేయలేదు. 105 ఎం.ఎం. ఫీల్డ్ గన్‌లు, మా 130లు, మోర్టార్లు, రాకెట్లు అన్నీ కలిపి రెండున్నర లక్షలకు పైగా గుళ్ళు కాల్చాయి. అంత ఎత్తులో గాలి పలచన. గుండు పుస్తకంలో రాసిన దూరం దాటి పోయేది, కాబట్టి అక్కడ లెక్కలన్నీ కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది.

ఇక డ్రోన్ల సంగతి. డ్రోన్ వచ్చాక పాత గన్ పని అయిపోయిందని చాలామంది అంటారు. నాకైతే సగమే నిజం అనిపిస్తుంది. పాతిక కిలోమీటర్ల దూరానికి ఒకే లెక్కతో కొట్టినా గుళ్ళన్నీ ఒకే చోట పడవు, వంద మీటర్లకు పైగా చెదురుతాయి. అప్పట్లో ఓపీకి కొండ అడ్డొస్తే మేం గుడ్డివాళ్ళమే. ఇప్పుడు చిన్న డ్రోన్ ఒకటి పైనుంచి చూసి ‘ఎడమకు యాభై’ అని చెప్పేస్తోంది. పాత గన్‌కి కొత్త కళ్ళు వచ్చాయన్నమాట.

చిక్కల్లా అవతలివాడికీ ఆ కళ్ళే ఉండటం. మన దగ్గర స్వాతి రాడార్ ఉన్నట్టే, ఎగిరే గుండును పట్టుకుని అది ఎక్కణ్ణుంచి వచ్చిందో లెక్కగట్టే రాడార్ వాళ్ళ దగ్గరా ఉంటుంది. మీరు కాల్చిన కొన్ని నిమిషాల్లోనే జవాబు వచ్చి పడుతుంది. లాగుడు గన్‌ను భూమిలోంచి పీకి, కాళ్ళు మూసి, లారీకి తగిలించి బయల్దేరాలంటే ఎంత చురుకైన గన్ జట్టుకైనా నిమిషాలు పడుతుంది. లారీ మీదే బిగించిన ఫ్రెంచి సీజర్ లాంటివి కాల్చి చటుక్కున వెళ్ళిపోగలవు. ఉక్రెయిన్‌లో లాగుడు గన్‌లను చెట్ల కింద గోతుల్లో దాచి, వల కప్పి, కాసిని గుళ్ళు కొట్టి మళ్ళీ కప్పేస్తున్నది ఇందుకే.

చాలామంది మర్చిపోయేది బ్యారెల్. 130 గుండు సెకనుకు 930 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. ఆ వేగానికి లోపలి గాడులు తొందరగా అరుగుతాయి, గురి చెదురుతుంది. రోజుకు వేల గుళ్ళు కాల్చే యుద్ధంలో కొత్త బ్యారెల్ ఎక్కడ తయారవుతుందన్నదే పెద్ద ప్రశ్న. గన్ మ్యూజియంలోంచి తీసుకొచ్చిందైనా బ్యారెల్ మంచిదైతే నేను అభ్యంతరం చెప్పను.

మా వైపు ఫిరంగి అనగానే అందరూ బొబ్బిలి ఎత్తుతారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పొద్దున్నే కోటకు గండ్లు కొట్టాయి. అయినా మధ్యాహ్నం దాకా ఒక్కడూ లోపలికి అడుగు పెట్టలేకపోయాడు. గోడ పడగొట్టడం వరకే ఫిరంగి పని. ఆ గండిలోంచి వెళ్ళాల్సింది కాల్బలమే. కార్గిల్‌లోని తోలోలింగ్ శిఖరం దగ్గరా అంతే. పైకి ఎక్కింది మనుషులే.

రిటైరయ్యాక శ్రీకాకుళంలో ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు, ‘మావా, ఆ పాత గన్‌లు ఇంకా ఎందుకు?’ అని. మన సైన్యం వాటిని పారేయలేదు. 130కి కొత్తగా 155 ఎం.ఎం. బ్యారెల్ బిగించి శారంగ్ చేసింది. దూరం 36 కిలోమీటర్లు దాటింది, మిగతా 155 ఎం.ఎం. గన్‌ల గుళ్ళే దీనికీ సరిపోతాయి. కొత్త గన్ కంటే ఖర్చు తక్కువ. కానీ అది ఇప్పటికీ లాగుడు గన్నే. నన్నడిగితే ఎడారిలో, మైదానంలో రెండో వరసలో శారంగ్ ఉంచుతాను. ముందు వరసకు వజ్ర లాంటి సొంతంగా నడిచే గన్ కావాలి. కొండల్లో 105 లైట్ ఫీల్డ్ గన్‌ను అప్పుడే తీసేయను; పెద్దవి ఎక్కలేని చోటికి దాన్ని హెలికాప్టర్‌కి వేలాడదీసి పట్టుకుపోవచ్చు.