ఏజెంట్ దుబాయ్ మీదుగా కువైట్ పంపిస్తానంటే మా వదినను పంపొచ్చా?

బరంపురం ఏజెంట్ మీ వదినను విజిట్ వీసా మీద దుబాయ్ తీసుకెళ్లి, అక్కడి నుంచి కువైట్‌లో ఇంటిపనికి పంపిస్తానన్నాడని రాశారు. ఆ దారిలో పంపకండి తమ్ముడూ.

మాది పర్లాకిమిడి. 2018లో నన్నూ అలాగే పంపారు. అప్పటికి నాకు 27 ఏళ్లు. పదో తరగతి పాస్ కాని వాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్ట్ (గల్ఫ్ లాంటి చోట్లకు పనికి వెళ్లాలంటే ముందు మన ప్రభుత్వ అనుమతి కావాల్సినది) ఇస్తారు. దానితో ఆడవాళ్లు గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. పైగా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని 2016లో నిబంధన వచ్చింది. దాన్ని తప్పించుకోవడానికే ఈ దుబాయ్ దారి. విదేశాలకు పనికెళ్లేవాళ్లను నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నా పేరు ఎక్కలేదు. 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రవాసీ బీమా వస్తుందట. ఏజెంట్‌కు 70 వేలు ఇచ్చిన నాకు అది లేదు.

దిగిన రోజే మామా (అక్కడ ఇంటావిడను అలాగే పిలవాలి) నా పాస్‌పోర్ట్ బీరువాలో, బంగారం దాచే సొరుగులో పెట్టి తాళం వేసింది. పొద్దున ఐదింటికి లేస్తే పడుకునేసరికి పన్నెండు దాటేది. బియ్యం బస్తాల పక్కనే పడక. బ్లీచింగ్ నీళ్లకు వేళ్ల సందులు పగిలి, పిండి కలిపితే మంటెత్తేది. ఫోన్ శుక్రవారం పది నిమిషాలు, అదీ మామా పక్కన నిలబడితేనే. ఆమెకు తెలుగు రాదు, కానీ ఏడిస్తే తెలిసిపోతుంది కదా. అందుకే అమ్మతో బాగున్నాననే చెప్పేదాన్ని. నాలుగు నెలల జీతం ఆపేశాక ఒక రాత్రి టాక్సీలో మన ఎంబసీకి వెళ్లిపోయాను.

అక్కడి షెల్టర్‌లో ఒక కడప అక్క చెప్పేదాకా, కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లోనే 68వ నంబర్ చట్టం వచ్చిందని నాకు తెలియదు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి, పాస్‌పోర్ట్ లాక్కోకూడదు. రాసుంది సరే, తలుపు లోపల చూసేదెవరు? పైగా చెప్పకుండా బయటికొస్తే పారిపోయిందని కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) కేసు పెడతాడు. అందుకే మధ్యలో ఇంకెక్కడా ఆగకుండా నేరుగా ఎంబసీకే వెళ్లాలి.

ఏజెంట్‌ను లైసెన్స్ నంబర్ అడిగి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. లైసెన్స్ లేకుండా పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. పాస్‌పోర్ట్ ఇప్పటికే అతని చేతికి ఇచ్చేసి ఉంటే ఇవాళే వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోలీసులకు రాసివ్వండి. ప్రవాసీ సహాయ కేంద్రం 1800 11 3090, టోల్ ఫ్రీ.

రేపు సరైన దారిలో వెళ్లినా పాస్‌పోర్ట్, వీసా, కాంట్రాక్టు జిరాక్స్‌లు ఒక సెట్ మీ దగ్గర ఉంచుకోండి. ఎంబసీలో నా చేతిలో ఒక్క కాగితమూ లేక, నేనెవరో చూపించడానికి మా తమ్ముడు పర్లాకిమిడి నుంచి ఒడియాలో ఉన్న రేషన్ కార్డు ఫొటో వాట్సాప్ చేయాల్సి వచ్చింది.