సర్రియలిస్టు (కలలోలా పొంతనలేని వాటిని కలిపే కళ) ఫోటో కొలాజ్‌లో ముఖాలు కత్తిరించి అతికిస్తే అంత గాఢమైన భావం ఎలా పలుకుతుంది?

ముఖంలో భావం ఉంటుందని ఎవరు చెప్పారండీ? నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. పొద్దస్తమానం ముఖాలు కత్తిరించడమే నా పని. భావమంతా పక్కన ఏం పెట్టారన్న దాంట్లోనే ఉంటుంది.

ఒక పెళ్లిలో అప్పగింతల ఫోటోలన్నీ మసగ్గా వచ్చాయి. "మంగళస్నానంలోంచి ఒకటి తీసి పెట్టెయ్‌రా" అన్నాడు మా ఓనరు. అందులో నెత్తిన నీళ్లు పోస్తుంటే పెళ్లికూతురు తల వెనక్కి వాల్చి, కళ్లు గట్టిగా మూసుకుని పగలబడి నవ్వుతోంది. చెంబు తీసేశా, పోసే చేతులు తీసేశా, పసుపు కాస్త తగ్గించా. బుగ్గల మీది నీటి చుక్కలు మాత్రం ఉంచి, ముఖాన్ని వాళ్ల నాన్న భుజం పక్కన అతికించా. ఆల్బమ్ తీసుకోడానికొచ్చిన నాయనమ్మగారు ఆ పేజీ దగ్గర ఆగిపోయి, "పిచ్చితల్లి, ఎంత ఏడ్చిందో" అంటూ కొంగుతో కళ్లొత్తుకున్నారు.

సర్రియలిస్టు చిత్రకారుడు సాల్వడార్ డాలీ చేసిందీ ఇదే. పారవశ్యం మీద ఆయన కూర్చిన కొలాజ్ 1933 డిసెంబరులో పారిస్ పత్రిక 'మినోటార్'లో వచ్చింది. కళ్లు మూసి తల వాల్చిన ఆడవాళ్ల ముఖాలు, శిల్పాల ముఖాలు, ఒరిగిన కుర్చీ, ఒక పిన్ను, వాటి మధ్య బోలెడు చెవులు. ఏ ముఖాన్నయినా విడిగా తీసి చూడండి, పంటినొప్పేమో అనుకుంటారు. చెవికైతే ఏ భావమూ లేదు. కానీ ఆ ముఖాల మధ్య పెట్టేసరికి ఏదో మూలుగు వింటున్నట్టే ఉంటుంది.

ఈ సర్రియలిస్టుల్లో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. 1928లో సర్రియలిస్టు కవులు బ్రెటన్, అరగాన్ కలిసి హిస్టీరియాకు (అప్పటి డాక్టర్లు ఎక్కువగా ఆడవాళ్లకు అంటగట్టిన మూర్ఛలాంటి జబ్బు) యాభయ్యేళ్ల పండగ చేశారు, అదో గొప్ప కవితా ఆవిష్కరణ అని. దానికి వేసిన ఫోటోలు పారిస్ సాల్పెట్రియేర్ ఆసుపత్రిలోని అగస్టీన్ అనే టీనేజీ రోగివి. డాక్టర్లు వాటి కింద జబ్బు పేరు రాస్తే జబ్బయింది, కవులు తమ పత్రికలో వేసుకుంటే మోహావేశమయింది. ఆ పిల్లకేమో అక్కడుండటమే ఇష్టం లేదు. 1880లో మగవేషం వేసుకుని ఆసుపత్రి నుంచి పారిపోయింది.