సివిల్స్‌లో భూగోళశాస్త్రం ఆప్షనల్‌ను అనంతపురంలోనే ఉండి చదవడం ఎలా?

శిక్షణకు వెళ్లకుండా, అనంతపురంలోనే ఉండి ఈ ఆప్షనల్‌కు, అంటే మెయిన్స్ పరీక్షలో అభ్యర్థి తానే ఎంచుకునే సబ్జెక్టుకు, సిద్ధం కావడం సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే.

250 మార్కుల చొప్పున రెండు పేపర్లుంటాయి. మొదటిది సిద్ధాంతాలను, రెండోది భారతదేశ భూగోళాన్ని అడుగుతుంది. వీటిని వేర్వేరుగా చదవడమే చాలామంది చేసే పొరపాటు. మీ జిల్లానే తీసుకోండి: నైరుతి రుతుపవనాలు తమ తేమను చాలావరకు పడమటి కనుమల అవతలి వాలుపైనే కురిపించి, ఇటు దిగేసరికి పొడిబారతాయి కనుక ఇది వర్షచ్ఛాయా ప్రాంతమైంది, ఈశాన్య రుతుపవనాలకేమో తీరం దూరం. ఈ వానలేమిని, తేమ నిలవని ఎర్రనేలలను, వేరుశనగ సాగును, తుంగభద్ర ఎగువ కాలువ నీటిని, వలసలను ఒకే జవాబులో గొలుసుకట్టుగా రాయగలిగితే రెండు పేపర్లకూ పనికొస్తుంది.

పటం మాత్రం రోజూ గీయవలసిందే. నంది కొండల్లో పుట్టిన పెన్నానది పామిడి, తాడిపత్రి మీదుగా సాగి, గండికోట దగ్గర ఎర్రమల కొండలను కోసుకుంటూ, చివరికి నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరే దారిని పుస్తకం చూడకుండా గీయండి. (వీలైతే ఒక ఆదివారం గండికోట వెళ్లి రండి, ఆ లోయ అంచున నిలబడి చూశాక నదీ క్రమక్షయం పాఠాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.) క్రిస్టాలర్ కేంద్రస్థాన సిద్ధాంతం (ఊళ్లు, పట్టణాలు ఎంతెంత దూరంలో, ఏ వరుసలో ఏర్పడతాయో చెప్పేది) వంటి నమూనాలను ఆఖరి నెలకు వాయిదా వేయకండి.