తక్త్సాంగ్‌ను చివరి రోజుకు మార్చమనండి

అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నా భూటాన్‌లో గైడు రెండో రోజే తక్త్సాంగ్ మఠం ఎక్కిద్దామంటున్నారని రాశారు. దయచేసి ఒప్పుకోకండి. అది 3,120 మీటర్ల ఎత్తున, నిట్టనిలువు కొండకు అతుక్కుని ఉంటుంది. ముందు థింపూ, పునాఖా చూస్తే ఒళ్లు ఆ గాలికి అలవాటు పడుతుంది. గుర్రం సగం దారిలోని ఫలహారశాల వరకే తీసుకెళ్తుంది. దిగడం మాత్రం నడిచే. ఫలహారశాల దాటాక మఠానికి వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. మా అమ్మను నేను ఫలహారశాల దగ్గరే ఆపాను. వేడి టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా మఠాన్ని చూస్తూ గంటసేపు కదలలేదు. ఆవిడకు ఆ దర్శనమే చాలింది, నిజంగా.

అన్నట్టు, సరిహద్దులో ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. జోంగ్‌లలోకి, అంటే అక్కడి కోట మఠాల్లోకి, వెళ్లేందుకు పొడుగు చేతుల దుస్తులు పెట్టుకోండి.