అమెరికా మందు సంగతి తర్వాత, ముందు క్రియాటినిన్ చేయించుకోండి

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. షుగర్ ఉంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. మోకాళ్ల నొప్పికి ఎనిమిది నెలలుగా మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తీసుకుని రోజూ వేసుకుంటున్నాను. ఈమధ్య సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతున్నాయి. అమెరికాలో నొప్పిని నరంలోనే ఆపే కొత్త మందు వచ్చిందట. అదెలా పనిచేస్తుంది? అక్కడున్న మా అబ్బాయితో తెప్పించుకోవచ్చా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పాదాల వాపు ఎన్నాళ్ల నుంచో మీరు రాయలేదు. నాకు ముందు కావాల్సింది అదే. వాపుకు గుండె, లివర్, సిరలు కూడా కారణం కావచ్చు. చూడకుండా తేల్చి చెప్పలేను. కానీ మీరు రాసిన మందుల జాబితా చూస్తే నా అనుమానం మొదట కిడ్నీల మీదకే పోతుంది.

డైక్లోఫెనాక్ ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గిస్తుంది. నొప్పి, వాపు తగ్గేది అందుకే. అయితే కిడ్నీకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచేవీ, కడుపు లోపలి పొరను కాపాడేవీ అవే. పైగా టెల్మిసార్టాన్ వల్ల కిడ్నీ వడపోతలో ఒత్తిడి తగ్గుతుంది, అందులోనే ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీళ్ల మందు మూత్రం ద్వారా ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. ఈ మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవారికి మరీ. బీపీ మాత్ర సంగతి షాపులో చెప్పారా? వాళ్లూ అడిగి ఉండరు, మీరూ చెప్పి ఉండరు. ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సింది కదండీ.

ఇక మీరు అడిగిన మందు సుజెట్రిజిన్. 2025 జనవరి 30న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. నొప్పి సంకేతం నరం వెంట సాగాలంటే సోడియం లోపలికి వెళ్లే దారులు తెరుచుకోవాలి. వాటిలో నావ్ 1.8 అనే రకం ప్రధానంగా శరీరంలోని నొప్పి నరాల్లో ఉంటుంది. ఈ మందు దాన్ని అడ్డుకుంటుంది. మెదడు మీద పనిచేయదు కాబట్టి మార్ఫిన్ తరహా మందుల్లా వ్యసనంగా మారే భయం ఉండదని భావిస్తున్నారు. మంచి ముందడుగే. కాకపోతే అనుమతి తాత్కాలికంగా వచ్చే, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన నొప్పికే, పెద్దలకు. ఆపరేషన్ తర్వాతి నొప్పి మీద పరీక్షించారు. అలాంటి నొప్పికి 14 రోజులకు మించి వాడి చూడలేదు. సయాటికా (నడుం నుంచి కాలికి పాకే నరం నొప్పి) రోగుల్లో జరిపిన ఒక పరీక్షలో మందు వేసుకున్నవారికీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. మీ అరిగిన మోకాలికి అది సరిపోతుందని నేను చెప్పలేను. కొన్ని యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మందులతో కలిపి వాడకూడదు కూడా. తెప్పించకండి.

డైక్లోఫెనాక్ ఈరోజే ఆపండి. బీపీ, షుగర్ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. రెండు రోజుల్లోపు ఫిజీషియన్‌ను కలవండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్షలు చేయించమని అడగండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే రిపోర్టును బట్టి డోసు మార్చాల్సి రావచ్చు. ఈలోగా నొప్పికి పారాసెటమాల్ చాలామందికి సురక్షితమే, కానీ డోసు మీ డాక్టరే చెప్పాలి. తొడ కండరాల వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. మూత్రం తగ్గినా, మలం నల్లగా వచ్చినా, ఆయాసం వచ్చినా రెండు రోజులు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాడిన మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి, గ్యాస్ మాత్రలతో సహా.