దీనుల కీర్తనలు బోధించబోయే తమ్ముడికి

తమ్ముడూ, ప్రభువు నామమున వందనాలు.

గృహ కూటంలో పేదరికం, విశ్వాసం గురించి కీర్తనల్లోంచి వాక్యం చెప్పబోతున్నావని విని సంతోషించాను. పది కీర్తనల్లోంచి తలా ఒక వచనం ఏరుకోవద్దు. 9, 10 కీర్తనలు చాలు. సెప్టువజింటు అనే పాత గ్రీకు అనువాదంలో ఇవి రెండూ ఒకటే కీర్తన. హెబ్రీ అక్షరాల వరసలో చరణాలు సాగి, మధ్యలో చెదిరి, పదో కీర్తన చివర్లో ఆ వరస మళ్లీ కనిపిస్తుంది. పదోదానికి విడిగా శీర్షిక కూడా లేదు. కలిపితే 38 వచనాలు. ముందు ఆపకుండా పైకి చదివించు, మధ్యలో వివరణ వద్దు.

తర్వాత మరచిపోవడం గురించిన మాట ఎక్కడెక్కడ వస్తుందో గీత గీయించు. దేవుడు బాధితుల మొఱ్ఱ మరువడని 9:12, దరిద్రులు ఎల్లకాలం మరుగున పడిపోరని 9:18. దేవుడు మరచిపోయాడులే అని 10:11లో దుష్టుడు ధైర్యం తెచ్చుకుంటాడు. మరువవద్దని 10:12లో ప్రార్థన లేస్తుంది. ఈ పాట నడిచేదంతా ఆ వాదం మీదే. ఇక్కడే నిర్గమకాండము 22:26-27 తెరిపించు: బీదవాడి వస్త్రం కుదువ పెట్టుకుంటే పొద్దుగుంకేలోగా తిరిగి ఇవ్వాలి, అతను మొఱ్ఱపెడితే నేను వింటానని దేవుడే అంటాడు. బీదవాడి విశ్వాసం అంటే ఉన్నదాంతో సర్దుకుపోవడం కాదు, ఆ మాట ఇచ్చినవాణ్ణి ఆ మాట మీదే నిలబెట్టి అడగడం.

దుష్టుడు చేసే పనులను 10:7 నుంచి 10 వరకు ఒక్కొక్కటే చెప్పించు. శాపం, కపటం, పల్లెల్లో మాటు వేయడం, పొదలో సింహంలా పొంచి ఉండడం, వల లాగడం. పేదరికం వెనక మనుషుల చేతులున్నాయని కవి దాచలేదు. ఓర్చుకోమని బీదవాడికి ఈ రెండు కీర్తనల్లో ఎవరూ చెప్పరు. దుష్టుడి చెయ్యి విరగ్గొట్టమనే 15వ వచనం కటువుగా ఉందని దాటేయకు. తీర్పు తన చేతుల్లోకి తీసుకోకుండా దేవుడికి అప్పగించడం అది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది 37:25 దగ్గర. నీతిమంతుల పిల్లలు భిక్షమెత్తడం చూడలేదన్న ఆ వృద్ధుడి మాటతో ఆకలితో ఉన్నవాణ్ణి తూచవద్దు, అది క్రూరత్వం. అదే కీర్తన 14లో దీనుల మీదికి కత్తి దూసినవాళ్లున్నారు, 16లో నీతిమంతుడి దగ్గరున్నది కొంచెమే. దుష్టులు ఎందుకు బాగుపడుతున్నారని ఎవరైనా అడిగితే 73వ కీర్తన చదివించు, తొందరపడి జవాబు చెప్పకు.

రెండో పొరపాటు, బీదలంటే ఆత్మలో దీనులేనని తేల్చేయడం. దావీదు పేరున్న 40, 86 కీర్తనల్లో "నేను దీనుడను" అన్న ప్రార్థన ఉన్న మాట నిజమే. కానీ 15:5 వడ్డీ గురించి, 72:12-14 రాజు బాధ్యత గురించి, 82:3-4 న్యాయాధిపతుల గురించి. కూలి అందనివాడు ఆ వచనాల్లోంచి మాయమవకూడదు.

ముగింపు 10:18తోనే చెయ్యి. అక్కడ బీదవాడు సిరిసంపదలు అడగలేదు, మట్టి మనిషి ఇక భయపెట్టకుండా చేయమన్నాడు. ఆ తర్వాత ప్రార్థన అంశాలు అడుగు. వడ్డీ అయితే వడ్డీ అని, కూలి బకాయి అయితే బకాయి అని ఉన్నదున్నట్టు చెప్పనివ్వు. ఆ రోజు కానుకలు వాక్యానికి ముందే తీసేయండి, వాక్యం అయ్యాక సంచి తిప్పవద్దు.